తొలి పలక ఎక్కడ కొనాలి?

జంషెడ్‌పూర్‌లో కొత్తగా వడ్రంగం మొదలుపెట్టేవారు కలప కోసం ఎక్కడికి వెళ్ళాలి, ఏం అడగాలి, ఎలా కొలుచుకోవాలి

వడ్రంగం నేర్చుకోవాలనుకునేవారికి పనిముట్లు సులువుగానే దొరుకుతాయి. ఉలి, రంపం, చిత్రిక, మూలమట్టం కావాలంటే సాక్చి, బిష్టుపూర్ బజార్లలోని హార్డ్‌వేర్ దుకాణాలు చాలు. చిక్కంతా చెక్క దగ్గరే మొదలవుతుంది. అడితిలో నిలబెట్టిన పలకల మీద పేరుండదు, ధరుండదు, ఎప్పుడు కోశారో రాసి ఉండదు. లెక్క ఘనపుటడుగుల్లో చెబుతారు. అక్కడికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ద్వారబంధాలు చేయించే కాంట్రాక్టర్లు, ఫర్నిచర్ మేస్త్రీలు. నాలుగడుగుల పలకలు రెండే కావాలని వెళ్ళిన మనిషికి ఎవరిని అడగాలో, ఏమని అడగాలో తోచదు. చాలామంది ఉత్సాహం ఆ గుమ్మం దగ్గరే చల్లారిపోతుంది.

జంషెడ్‌పూర్ ఇనుముతో పుట్టిన ఊరు. 1907లో టాటా ఉక్కు కంపెనీ ఏర్పడ్డాక, సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే చోట సాక్చి గ్రామం పరిసరాల్లో ఈ నగరం లేచింది. ఉత్తరాంధ్ర నుంచి ఉపాధి కోసం వచ్చిన తెలుగు కుటుంబాలు కద్మా, బిష్టుపూర్ వంటి పేటల్లో తరతరాలుగా స్థిరపడ్డాయి. అంగుళంలో ఎనిమిదో వంతును కంటితో పసిగట్టే ఫిట్టర్లు, టర్నర్లు ఇక్కడ వీధికొకరుంటారు. కొలతమీద, కోతమీద ఇంత పట్టున్న ఊళ్ళో చెక్కపని నేర్చుకునేవారికి చేతి నేర్పు కొంత ముందే ఉంటుంది. తెలియనిది కలప స్వభావం. అందువల్ల కొత్తవారికి మేలైన కలప ఉన్న చోటుకన్నా, అడిగినదానికి ఓపికగా జవాబు చెప్పి, పలకలు తిరగేసి చూసుకోనిచ్చి, కొంచెమే కొన్నా విసుక్కోకుండా అమ్మే చోటు ఎక్కువ అవసరం. అలాంటి చోటును గుర్తుపట్టడానికి కలప గురించి కొంత తెలిసి ఉండాలి.

అడవి పక్కనే ఉన్నా

జార్ఖండ్ భూభాగంలో సుమారు 30 శాతం అడవి. రాష్ట్ర వృక్షం సాల్. తెలుగులో గుగ్గిలం చెట్టు, ఇక్కడి హిందీలో సఖువా. వసంతంలో దాని పూతతోనే ఆదివాసీల సర్‌హుల్ పండుగ వస్తుంది. నగరానికి ఆనుకొని దల్మా కొండలు, పశ్చిమ సింగ్‌భూమ్‌లో సారండా సాల్ అడవులు ఉన్నాయి. బ్రిటిష్ కాలంలో ఈ అడవుల కలప రైలు పట్టాల కింద స్లీపర్లుగా వెళ్ళింది.

అడవి దగ్గరున్నంత మాత్రాన అడితిలో స్థానిక కలపే ఉంటుందనుకోకూడదు. 1978 నాటికి సింగ్‌భూమ్‌లో సాల్ చెట్ల స్థానంలో టేకు నాటాలన్న అటవీ అభివృద్ధి కార్పొరేషన్ ప్రయత్నానికి వ్యతిరేకంగా ఆదివాసీలు జంగిల్ ఆందోళన నడిపారు. సాల్ గింజ, ఆకు, గుగ్గిలం వాళ్ళ బతుకుతెరువు. టేకు తోట వాళ్ళకేమీ ఇవ్వదు. ఆ ఉద్యమ క్రమంలోనే 1980 సెప్టెంబరు 8న గువాలో పోలీసు కాల్పులు జరిగాయి. తర్వాత 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుతో దేశమంతటా అడవుల్లో చెట్ల నరికివేతకు ఆమోదం పొందిన కార్యాచరణ ప్రణాళిక తప్పనిసరైంది. 2002లో కేంద్ర సాధికార కమిటీ అనుమతి లేకుండా కొత్త రంపపు మిల్లులు తెరవకూడదని కోర్టు ఆదేశించింది.

ఈ పరిణామాల ఫలితం నేటి అడితిలో కనిపిస్తుంది. సాల్ పక్కనే ‘మలేసియా సాల్’ పేరుతో మెరాంటి వంటి ఆగ్నేయాసియా కలప ఉంటుంది. టేకులో కొంత మన తోటలది, కొంత ఆఫ్రికా, లాటిన్ అమెరికా తోటలది. పైన్ చాలావరకు న్యూజిలాండ్ వంటి దేశాల నుంచి గుజరాత్‌లోని కాండ్లా రేవుకు దిగి, గాంధీధామ్ మిల్లుల్లో కోతకు గురై దేశం నలుమూలలకూ చేరుతుంది. పోప్లర్‌తో చేసే ప్లైవుడ్‌కు హరియాణాలోని యమునానగర్, రబ్బరు కలపకు కేరళ పేరుపొందాయి. రైలు దారిలో సుమారు 250 కిలోమీటర్ల దూరంలోని కోల్‌కతాలో నీమ్‌తలా కలప బజారు పాతది, పెద్దది. కాబట్టి పలక ముందు నిలబడినప్పుడు మొదటి ప్రశ్న ‘ఇది ఏ చెట్టు’ అయితే, రెండోది ‘ఎక్కడి నుంచి వచ్చింది’ కావాలి.

ఎక్కడెక్కడ దొరుకుతుంది

మొదటిది రంపపు మిల్లు. ఇక్కడి వాడుకలో ఆరా మిల్. దుంగలను కోసి దూలాలు, పలకలు చేసే చోటు. ధర తక్కువ పడుతుంది, కావలసిన మందంలో కోయించుకోవచ్చు. కానీ అక్కడి చెక్క తరచుగా పచ్చిది, అమ్మకం పెద్ద మొత్తాల్లో ఉంటుంది. బ్యాండ్ రంపం ముందు కొత్తవారు తిరగడం ప్రమాదం కూడా. మొదటి ఏడాదిలో ఇది కొనుగోలుకు తగిన చోటు కాదు. పెరట్లో పడిపోయిన మామిడినో పనసనో అనుమతులతో కోయించుకోవాల్సి వచ్చినప్పుడు మాత్రం ఇదే దారి.

రెండోది కలప అడితి. ఇక్కడివారు టాల్ అనీ, టింబర్ డిపో అనీ అంటారు. ద్వారబంధాలకు పనికొచ్చే 4×3, 5×3 అంగుళాల సైజులు, పలకలు, రీపులు సిద్ధంగా ఉంటాయి. ఒకే చోట నాలుగైదు జాతుల కలపను పక్కపక్కన చూసి తేడా తెలుసుకోవచ్చు. యజమానికి తీరిక ఉన్న వేళ చూసి వెళ్ళాలి. లారీ దిగుతున్నప్పుడు చిన్న బేరానికి సమయం దొరకదు. చాలా అడితుల్లో పెద్ద సైజులు కోయగా మిగిలిన పొట్టి ముక్కలు ఒక మూల పడి ఉంటాయి. రెండు మూడు అడుగుల ఆ ముక్కలు మేస్త్రీలకు పనికిరావు. కొత్తవారికి అవే కావాలి. ‘చిన్న ముక్కలు ఉన్నాయా’ అన్న ఒక్క ప్రశ్నతో సగం ధరకే చెక్క దొరకవచ్చు.

మూడోది ప్లైవుడ్, హార్డ్‌వేర్ దుకాణం. 8×4 అడుగుల షీట్లు, బ్లాక్‌బోర్డు, ఎండీఎఫ్, బీడింగులు ఇక్కడ దొరుకుతాయి. కొన్ని చోట్ల చిత్రిక పట్టిన పైన్ బద్దెలు, పైన్ ముక్కలను అతికించి చేసిన వెడల్పు బోర్డులు కూడా ఉంటాయి. ధర చదరపు అడుగుకు చెబుతారు కాబట్టి లెక్క తేలిక. సాధారణ వాడకానికి ఐఎస్ 303, తడి తగిలే చోట్లకు ఐఎస్ 710 ప్రమాణం ముద్ర షీటు మీద చూసుకోవాలి. కోత యంత్రం ఉన్న దుకాణమైతే షీటును అడిగిన కొలతకు కోసిస్తారు. ఆటోలో పట్టని ఎనిమిదడుగుల షీటుకు ఆ సదుపాయం ఎంతో మేలు.

నాలుగోది ఫర్నిచర్ వర్క్‌షాపు. కొత్తవారు ఎక్కువగా పట్టించుకోనిదీ, ఎక్కువ ఉపయోగపడేదీ ఇదే. మంచాలు, తలుపులు చేసే మేస్త్రీ దగ్గర ఆరిన చెక్క ఉంటుంది, చిత్రిక పట్టే యంత్రం ఉంటుంది, అన్నిటికన్నా మించి అనుభవం ఉంటుంది. గరుకు పలక కొని తెచ్చి, కొంత కూలి ఇచ్చి రెండు ముఖాలూ సాపు చేయించుకుంటే ఇంట్లో యంత్రాల ఖర్చు తప్పుతుంది. పని మధ్యలో మిగిలిన టేకు, శీశం ముక్కలు అడిగితే ఇస్తారు. పని నేర్చుకోవాలన్న నిజమైన ఆసక్తి చూసినప్పుడు పాత మేస్త్రీలు చెప్పని రహస్యమంటూ ఉండదు. ఏ అడితిలో సరుకు నమ్మకమైనదో, ఏ మిల్లువాళ్ళు కొలత సరిగా వేస్తారో ఊళ్ళో అందరికన్నా వాళ్ళకే బాగా తెలుసు. వెతుకులాట అడితి నుంచి కాకుండా మేస్త్రీ దగ్గర నుంచి మొదలుపెట్టడం మంచిదనడానికి కారణం ఇదే.

ఐదోది ప్యాకింగ్ కలప. ఆదిత్యపూర్ పారిశ్రామికవాడలోని చిన్నా పెద్దా యూనిట్లకు యంత్రాలు, విడిభాగాలు చెక్కపెట్టెల్లో, ప్యాలెట్ల మీద వస్తాయి. వాటిని విప్పాక తుక్కు వ్యాపారులకు అమ్మేస్తారు. అందులో పైన్ బాగా దొరుకుతుంది. విదేశాల నుంచి వచ్చిన ప్యాలెట్ల మీద అంతర్జాతీయ ముద్ర ఉంటుంది. అందులో ‘హెచ్‌టీ’ అంటే చెక్క లోపలి వరకు 56 డిగ్రీల సెల్సియస్ వేడిలో కనీసం 30 నిమిషాలు ఉంచారని అర్థం, దాన్ని వాడుకోవచ్చు. ‘ఎంబీ’ అంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించారని. అలాంటిది ఇంటి సామానుకు వద్దు. నూనె మరకలు, రసాయనాల వాసన ఉన్న చెక్క ఎంత చవకైనా వదిలేయాలి.

ఆరోది పాత కలప. ఇళ్ళు కూల్చినప్పుడు వచ్చే తలుపులు, కిటికీలు, దూలాలు అమ్మే గోదాములు ప్రతి పాత ఊళ్ళోనూ ఉంటాయి. దశాబ్దాలపాటు ఎండావానలకు ఓర్చుకున్న టేకు, సాల్ ఇంకా వంకర తిరిగే అవకాశం తక్కువ. అయితే లోపల మేకులు దాగి ఉంటాయి. రంపం పెట్టేముందు పలక పొడవునా బలమైన అయస్కాంతంతో తడిమి చూడాలి. పుచ్చు, చెదల గూళ్ళు ఉన్న ముక్కలను ఇంటికే తీసుకురాకూడదు.

వీటితోపాటు అటవీశాఖ, రాష్ట్ర అటవీ అభివృద్ధి కార్పొరేషన్ డిపోల వేలాలు ఉంటాయి. అక్కడ దుంగలను లాట్లుగా అమ్ముతారు. ఒక స్టూలు చేసుకునేవారికి ఆ లెక్క సరిపడదు. ఆన్‌లైన్‌లో చిత్రిక పట్టిన చిన్న పైన్ పలకలు దొరుకుతాయి కానీ రవాణా ఖర్చుతో ధర పెరుగుతుంది, పలకను తిరగేసి చూసుకునే వీలుండదు. ఊళ్ళో దొరకని సన్నని బద్దెలకో, గుండ్రటి కడ్డీలకో అది పనికొస్తుంది.

కొత్త చేతికి ఏ కలప

సాల్ బలమైనది, చెదలను తట్టుకునేది, ఈ ప్రాంతపు సొంత కలప. కొత్తవారికి మాత్రం కష్టమైనది. ఘనమీటరుకు ఎనిమిది వందల కిలోలకు పైగా తూగుతుంది, నార మెలితిరిగి ఉంటుంది, ఆరేటప్పుడు పగుళ్ళిస్తుంది, ఉలి అంచును త్వరగా మొండి చేస్తుంది. దూలాలకు, ద్వారబంధాలకు అది సాటిలేనిది. కుసులు చెక్కడం నేర్చుకునే దశలో దాన్ని పక్కన పెట్టాలి. ఆసన్ అని పిలిచే నల్లమద్ది కూడా ఇదే కోవకు చెందుతుంది.

మొదటి పనులకు గమ్హార్ చాలా తగినది. తెలుగులో గుమ్మడి టేకు అనే ఈ చెక్క లేత పసుపు రంగులో, తేలికగా ఉంటుంది. ఉలికి, చిత్రికకు సులువుగా లొంగుతుంది, ఆరిన తర్వాత పెద్దగా కదలదు. జార్ఖండ్‌లో రైతుల పొలం గట్ల మీద కూడా పెరిగే చెట్టు కాబట్టి స్థానికంగా దొరికే అవకాశం ఉంది. పైన్ మరింత సులువుగా దొరుకుతుంది. కోతకు, మేకుకు, మరకు అనువుగా ఉంటుంది. ముడులు తక్కువ ఉన్న పలకలు ఏరుకోవాలి. ముడి ఉన్నచోట చిత్రిక తట్టుకుంటుంది, కుసి విరుగుతుంది.

మామిడి చవకైనది, రంగులో అందమైనది. దాని లోపం పురుగు. మామిడి, రబ్బరు కలపల్లో పిండిపదార్థం ఎక్కువ ఉండటంతో పొడిపురుగు వాటిని త్వరగా తొలుస్తుంది. బోరాక్స్, బోరిక్ యాసిడ్ ద్రావణంతో శుద్ధి చేసినదేనా అని అడిగి తీసుకోవాలి. పలకను నేలకు తట్టినప్పుడు సన్నని పొడి రాలితే అందులో పురుగు ఉన్నట్టే.

టేకు పనికి హాయినిస్తుంది, చెదలు పట్టదు, ఎండావానలకు నిలుస్తుంది. ఖరీదు వల్ల తొలి తప్పులకు అది తగదు. చేయి కుదిరాక కొనవచ్చు. కొన్నప్పుడు చేవ ఎంత, అంచున లేతరంగు చెక్క ఎంత అన్నది చూడాలి; టేకు గొప్పతనమంతా చేవలోనే ఉంది, అంచు చెక్కకు పురుగు పడుతుంది. శీశం గట్టిది, మెరుగు పెడితే అద్భుతంగా ఉంటుంది. కానీ దాని పొడి కొందరికి చర్మం మీద, ముక్కులో మంట పుట్టిస్తుంది. ఏ చెక్కయినా సరే, కోసేటప్పుడు మాస్కు తప్పనిసరి. చెక్కపొడిని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది.

పనికి తగిన కలపను ఎంచుకోవడం తెలుగునాట చేతివృత్తులవారు ఎప్పుడో పట్టుకున్న విద్య. ఏటికొప్పాక లక్కబొమ్మలకు అంకుడు, కొండపల్లి బొమ్మలకు తెల్లపొణికి, బొబ్బిలి వీణకు పనస వాడతారు. తిరిగే కదురు మీద ఉలి తాకిడికి చీలకుండా నున్నగా వచ్చేది అంకుడు. చిన్న కత్తితో చెక్కడానికి వీలైన మెత్తన, తేలిక పొణికిది. నాదం పలికేది పనస. ఖరీదును బట్టి కాకుండా పనిని బట్టి చెక్కను ఎంచారు. కొత్తవారు మేస్త్రీల నుంచి ముందు నేర్చుకోవాల్సింది ఈ చూపునే.

తడి లెక్క

కొత్తవారు చేసిన సామాను వంకర పోవడానికి, అతుకులు విడిపోవడానికి పనితనం లోపం కన్నా తడి చెక్కే ఎక్కువసార్లు కారణమవుతుంది. పచ్చి చెక్కలో నీరు రెండు రకాలుగా ఉంటుంది. కణాల ఖాళీల్లోని నీరు పోయినంత వరకు కొలత మారదు. తేమ సుమారు 28–30 శాతానికి దిగాక కణాల గోడల్లోని నీరు పోవడం మొదలవుతుంది. అప్పటి నుంచి చెక్క ముడుచుకుంటుంది. పొడవులో దాదాపు మార్పుండదు. వార్షిక వలయాల వెంబడి ముడుచుకునేది, మధ్య నుంచి అంచుకు ముడుచుకునేదానికి సుమారు రెట్టింపు. ఈ తేడా వల్లే పలక దొన్నెలా వంగుతుంది.

జంషెడ్‌పూర్ వాతావరణం ఈ సమస్యను పెంచుతుంది. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే పొడి వేడి. జూన్ నుంచి సెప్టెంబరు వరకు వానలు, గాలి నిండా తేమ. ఆగస్టులో 18 శాతం తేమతో కొన్న పన్నెండు అంగుళాల వెడల్పు టేకు పలక, మే నాటికి 10 శాతానికి దిగితే వెడల్పులో సుమారు ఒకటిన్నర నూళ్ళు, అంటే అంగుళంలో ఐదో వంతు దాకా తగ్గవచ్చు. అన్ని వైపులా బిగించి మేకులు కొట్టిన బల్లపై ఆ తగ్గుదలే పగులుగా తేలుతుంది. తేమ విషయంలో భారత ప్రమాణాల సంస్థ ఐఎస్ 287 ప్రమాణంలో దేశాన్ని గాలి తేమను బట్టి మండలాలుగా విడగొట్టి, ఏ మండలంలో ఏ వాడకానికి ఎంత తేమ ఉండవచ్చో నిర్దేశించింది. ఇంట్లో వాడే ఫర్నిచర్‌కు 10–12 శాతం దరిదాపుల్లో ఉన్న చెక్కను వెతకడం మంచిది.

తేమ మీటరు ఉంటే సూదులు గుచ్చి అంకె చూడవచ్చు. లేనివారికి వంటింటి తూకం చాలు. పలక నుంచి చిన్న ముక్క కోసి తూచి, ఓవెన్‌లో 103 డిగ్రీల దగ్గర బరువు తగ్గడం ఆగేదాకా ఆరబెట్టాలి. మొదట 115 గ్రాములు, చివరికి 100 గ్రాములు ఉంటే పోయిన 15ను చివరి బరువు 100తో భాగించగా తేమ 15 శాతం. ఓవెన్ కూడా లేకపోతే పలకను నీడలో ఉంచి వారానికోసారి తూచాలి. బరువు మారడం ఆగినప్పుడు ఆ గదికి అలవాటు పడినట్టు లెక్క.

ఎలాంటి చెక్క కొన్నా వెంటనే పనికి పెట్టకూడదు. పని చేసే గదిలో నేలకు ఎత్తుగా, పలకకూ పలకకూ మధ్య అంగుళం మందం బద్దెలు అడుగున్నర, రెండడుగుల దూరంలో ఒకే వరసలో పెట్టి పేర్చాలి. రెండు చివర్లకూ మైనమో రంగో పూస్తే చివర్లు త్వరగా ఆరి చీలడం తగ్గుతుంది. రెండు మూడు వారాలు అలా ఉంచితే ఆరిన చెక్క కూడా ఇంటి గాలికి సర్దుకుంటుంది. పచ్చి చెక్కకు నెలలు పడుతుంది.

కొలత, ధర

కోసిన కలప లెక్క సులువైనది. అడుగుల్లో పొడవు, అంగుళాల్లో వెడల్పు, అంగుళాల్లో మందం మూడూ గుణించి 144తో భాగిస్తే ఘనపుటడుగులు వస్తాయి; దుకాణంలో దాన్నే సీఎఫ్‌టీ అంటారు. ఒక ఘనమీటరుకు 35.31 ఘనపుటడుగులు. మందం చెప్పేటప్పుడు తెలుగు వడ్రంగులు నూలు అంటారు, ఇక్కడివారు సూత్ అంటారు. రెండూ అంగుళంలో ఎనిమిదో వంతే.

దుంగ లెక్క వేరు. చుట్టుకొలతలో నాలుగో వంతును దానితోనే గుణించి, పొడవుతో హెచ్చిస్తారు. 48 అంగుళాల చుట్టుకొలత, పది అడుగుల పొడవున్న దుంగకు నాలుగో వంతు 12 అంగుళాలు, అంటే ఒక అడుగు. లెక్క 10 ఘనపుటడుగులు. అసలు పరిమాణం సుమారు 12.73. ఆ తేడా బెరడుకు, కోత నష్టానికి వదిలే పాత వాడుక. దుంగ ధరనూ పలక ధరనూ నేరుగా పోల్చకూడదనడానికి ఇదొక కారణం.

మరో విషయం గరుకు కొలత. అంగుళం మందం అని కొన్న పలక రెండు ముఖాలూ సాపు చేశాక ఆరు నూళ్ళు, అంటే ముప్పావు అంగుళం మిగులుతుంది. ధర మాత్రం అంగుళానికే. ఇది మోసం కాదు, వ్యాపారపు పద్ధతి. ముందే అడిగి తెలుసుకున్నవారికి పని మధ్యలో చెక్క చాలని ఇబ్బంది రాదు.

అడగాల్సిన ప్రశ్నలు

దుకాణంలో సంభాషణ హిందీలోనే సాగుతుంది. పలకను తఖ్తా, కోతను చిరాయి, ద్వారబంధాన్ని చౌఖట్, ఆరినదాన్ని సూఖా, పచ్చిదాన్ని గీలా అంటారు. ఈ మాటలు తెలిస్తే బేరం తేలికవుతుంది. కొనేముందు అడగాల్సినవి ఇవి: ఇది ఏ కలప, ఎక్కడిది? ఎప్పుడు కోశారు, గాలికి ఆరిందా, కిల్న్‌లో ఆరబెట్టారా? పలకలు నేనే ఏరుకోవచ్చా? ఒకటి రెండు పలకలైనా ఇస్తారా? కోసి, చిత్రిక పట్టి ఇస్తారా, దానికి కూలి ఎంత? కొలత, కలప పేరు రాసి బిల్లు ఇస్తారా?

జవాబుల్లో నిజాయతీ తెలిసిపోతుంది. ‘ఇది ఇంకా పచ్చిగా ఉంది, రెండు నెలలు ఆగండి’ అని చెప్పే వ్యాపారి దగ్గరికి మళ్ళీ వెళ్ళవచ్చు. ‘ఏమీ కాదు, అంతా ఒకటే’ అనేవారి దగ్గర అడుగు వెనక్కి వేయాలి. మలేసియా సాల్‌ను సాల్ అని అమ్మకుండా ఉన్న పేరు చెప్పేవారు, ఘనపుటడుగుల లెక్కను కాగితం మీద వేసి చూపేవారు, పొట్టి ముక్కలకు కూడా ధర చెప్పేవారు కొత్తవారికి తగినవారు.

ఏరుకునేటప్పుడు పలకను ఒక చివర కంటికి ఆనించి పొడవునా చూడాలి; వంకర, మెలి అప్పుడే కనిపిస్తాయి. చివర్ల పగుళ్ళు ఎంత లోపలికి వెళ్ళాయో చూసి, ఆ మేరకు పొడవు తగ్గించి లెక్క కట్టుకోవాలి. చెట్టు నడిబొడ్డు ఉన్న పలక తప్పకుండా చీలుతుంది కాబట్టి దాన్ని వదిలేయాలి. ఏరిన తర్వాత మిగిలిన పలకలను ఉన్నట్టే పేర్చి రావడం మర్యాద. తర్వాతిసారి ఏరుకోనిస్తారా లేదా అన్నది చాలావరకు దానిమీదే ఆధారపడుతుంది.

కాగితాలు

బిల్లు అడగడం కేవలం లెక్క కోసం కాదు. 1927 భారత అటవీ చట్టంలోని 41వ సెక్షన్ కింద రాష్ట్రాలు కలప రవాణాకు నియమాలు చేస్తాయి. అడవి కలప కదలడానికి రవాణా పత్రం ఉండాలి. 2023 డిసెంబరులో కేంద్రం దేశమంతటికీ ఆన్‌లైన్ రవాణా పత్రాల వ్యవస్థను ప్రారంభించింది. మిల్లులు లైసెన్సుతో నడవాలి. బిహార్ కాలం నాటి 1990 రంపపు మిల్లుల చట్టం ఈ రాష్ట్రానికి వారసత్వంగా వచ్చింది.

బిల్లు లేకుండా, మార్కెట్ ధరలో సగానికే సాల్ దుంగలు ఇస్తామనేవారి దగ్గర కొనకూడదు. దల్మా అభయారణ్యం ఏనుగుల ఆవాసం. అక్కడ చెట్టు నరకడం వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఎంత చిన్న ముక్కయినా దొంగ కలప కొన్నవారు ఆ నరికివేతలో భాగస్తులవుతారు. చెక్కను ప్రేమించి ఈ పనిలోకి వచ్చేవారు అడవికి చేటు చేయకూడదు. సొంత పెరట్లోని చెట్టయినా కొట్టేముందు, కోయించేముందు అటవీశాఖ కార్యాలయంలో ఆ జాతికి అనుమతి అవసరమా అని కనుక్కోవాలి.

కలప గురించి మరింత తెలుసుకోవాలనుకునేవారికి రాంచీలోని వన ఉత్పాదకత సంస్థ, డెహ్రాడూన్‌లో 1906లో మొదలైన అటవీ పరిశోధన సంస్థ, బెంగళూరులోని కలప విజ్ఞాన సాంకేతిక సంస్థ ఉన్నాయి. పని పద్ధతిగా నేర్చుకోవాలంటే ఐటీఐల్లో కార్పెంటర్ ట్రేడ్ ఏడాది కోర్సు ఉంది.

మొదటి కొనుగోలు

మొదటిసారి వెళ్ళేముందు చేయబోయే వస్తువు బొమ్మ, ముక్కల జాబితా కాగితం మీద ఉండాలి. ఉదాహరణకు చిన్న పుస్తకాల అర. రెండున్నర అడుగుల పక్క పలకలు రెండు, రెండడుగుల అడ్డ పలకలు మూడు. అన్నీ ఎనిమిది అంగుళాల వెడల్పు, అంగుళం మందం. మొత్తం పొడవు 11 అడుగులు. 11ను 8తో, 1తో గుణించి 144తో భాగిస్తే సుమారు 0.61 ఘనపుటడుగు. కోతకు, ముడులకు, తప్పులకు పాతిక శాతం కలుపుకొంటే ముప్పావు ఘనపుటడుగు. పైన్‌లో ఇది దాదాపు పది కిలోలు, స్కూటర్ మీద తెచ్చుకోవచ్చు. అదే సాల్‌లో పద్దెనిమిది కిలోలకు దగ్గరవుతుంది.

జాబితాతో వెళ్ళిన మనిషిని వ్యాపారి గౌరవిస్తాడు. ఎనిమిది అంగుళాల వెడల్పు పలక లేకపోతే నాలుగు అంగుళాలవి రెండు అతికించమని, ఆరడుగుల పలకలో మూడు అడ్డ ముక్కలు వస్తాయని అతనే సూచించగలడు. అయితే ఆరడుగుల పలకను సరిగ్గా మూడు రెండడుగుల ముక్కలుగా కోస్తే రంపం కోతకే కొంత పోతుంది కాబట్టి, ఆరున్నర అడుగులది అడగాలి. పాతిక శాతం అదనంగా కొన్న చెక్కలో కొంత మిగిలితే దాని మీద తేదీ, కలప పేరు, కొన్న చోటు పెన్సిల్‌తో రాసి అరమీద ఉంచాలి. ఏ దుకాణపు చెక్క ఎన్ని నెలలకు ఎలా ప్రవర్తించిందో ఆ ముక్కలే చెబుతాయి. రెండు మూడు పనులయ్యేసరికి ఏ అడితి నమ్మకమైనదో సొంత అనుభవంతో తేలుతుంది. అప్పటి నుంచి కలప కొనడం కూడా వడ్రంగంలో ఒక భాగంగా చేతికి అలవడుతుంది.